చీమనడక

హైదరాబాదునకు నైరుతిదిక్కున, 1927లో ఈసీ నదిపై కట్టి ముగించిన హిమాయత్ సాగరమునకు చేరువ ఊళ్లలో తెలుగు మాటాడు ఇండ్లును, ఉర్దూ మాటాడు ఇండ్లును ప్రక్కప్రక్కనే యున్నవి. ఆ యిండ్ల పసివారు ఒకే చాపపై కూర్చుండి అక్షరములు దిద్దుచుండగా చూచి మేము సంతోషించితిమి. కాని నాట్యపు గంట మ్రోగగానే కొందఱు లేచి నిలిచిరి. ఒక నాలుగేండ్ల పాప గోడదగ్గఱకు పోయి కూర్చుండెను. ఆట మనకు తగదని ఇంట చెప్పిరట.

తల్లిదండ్రులను నిందించుట తేలిక. మేమంత తొందరపడము. ఆ గంటలో నేర్పునదేమి? దేవతాస్తుతితో మొదలై సినిమాపాటతో ముగియు తయారీ. అదియు వార్షికోత్సవమునాడు పెద్దలు చప్పట్లు కొట్టుటకు. ఎముకలింకను ముదురని శిశువును అరమండిలో నిలిపి, పెదవులకు రంగుపూసి, శృంగారచేష్టల నభినయింపజేయుట ఏ మతమువారి యింటికి మాత్రము తగును?

ఇక కథల మాట. ముస్లిం బాలుర కొఱకు అచ్చగు పుస్తకములను కొన్నిటిని చూచితిమి. బొమ్మలు బాగున్నవి, కథ బాగుపడకముందే నీతి వచ్చి కూర్చుండును. ఖురాను 27వ అధ్యాయమునకు చీమయనియే పేరు. సులేమాను సేన వచ్చుచుండగా, తెలియక త్రొక్కిపోవుదురేమోయని ఒక చీమ తక్కిన చీమలను పుట్టలోనికి పొమ్మని హెచ్చరించును. ఆ మాట రాజు విని నవ్వును. ఇంతకన్న పసివానికి కావలసినదేమి? అంత గొప్పవాడు అంత చిన్నదాని మాట వినెను! ఇంటిలో తన మాట ఎవ్వరును వినరని యెఱిగిన బిడ్డకు ఈ కథ ప్రాణము. మా చేతికి వచ్చిన పుస్తకమో, దీనిక్రింద పెద్దల యాజ్ఞ పాటింపుడని వ్రాసి, నాలుగు ప్రశ్నలు చేర్చినది.

హైదరాబాదులో 1897లో జన్మించి, పిదప రాష్ట్రపతియైన జాకిర్ హుస్సేనుగారు పిల్లలకై ఉర్దూలో వ్రాసిన ‘అబ్బూఖాన్ కీ బక్రీ’ ఇట్టిది కాదు. ఫ్రెంచి రచయిత దోదే కథ ననుసరించిన దది. స్వేచ్ఛ కోరి కొండకు పోయిన మేక రాత్రియెల్ల తోడేలుతో పోరాడి తెల్లవారునప్పటికి చచ్చును. గెలిచినదెవరని పక్షులు వాదించుకొనగా, మేకయే గెలిచెనని ఒక ముసలి పక్షి చెప్పును. ఆ పక్షి లేకున్నను కథకు లోటుండదని మాకు తోచును. అయినను అది పక్షి మాట, పంతులు మాట కాదు.

ఈ రెండు లోపములకును మందు ఒక్కచోటనే యున్నదని మా యభిప్రాయము. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చిన మాంటిసోరిగారి పద్ధతిలో, పిల్లలు నేలపై గీచిన గీతవెంట మడమకు వ్రేలు తాకించుచు నడచు నభ్యాసము కలదు. అది చీమనడక కాక మఱేమి? నాట్యగురువు ఆ గీతనే పుట్టదారి చేయవచ్చును. దూరమున సేన వచ్చు చప్పుడు డోలుపై మెల్లగా మొదలై పెరుగును. పిల్లలు వేగమెఱిగి, లయ యెఱిగి, ఒకరినొకరు తోసికొనక పుట్ట చేరుదురు. ప్రవక్తలకు రూపము కట్టరాదను నియమమును గురువు మొదటనే యొప్పుకొనవలెను. సులేమాను వేషము ఎవ్వరును వేయనక్కఱలేదు. కథ చెప్పు పంతులమ్మ కంఠమే చాలును. ఇంతటికిని సమ్మతింపని తల్లిదండ్రులుందురు. వారిని పిలిచి చూపవలెనే కాని బలవంతపెట్టరాదు.

ముస్లిం కథకు కాలు కదపుట తెలుగువారికి వింతయా? తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగనాడు అలావా చుట్టును అడుగువేసిన హిందువు లెందఱో! 680లో కర్బలాయందు హుస్సేను ప్రాణములర్పించిన కథను అక్షరము రానివారును ఆ పాటలలోనే వినిరి. ముస్లిం పండితులలో పెక్కురు ఆ యాట నంగీకరింపరు; శోకదినముల యాటను బడికి తెమ్మని మేమును చెప్పము.

డోలు దొరకనిచోట మర్ఫా మోగింపవచ్చును. నిజాముల సైన్యమునందలి సిద్దీలు, అరబ్బులు తెచ్చిన ఆ వాద్యము ఈ ప్రాంతపు పెండ్లిండ్లలో హిందువుల యింటను ముస్లిముల యింటను మ్రోగుచున్నది. ఒక పెండ్లి ఊరేగింపులో ఆ మోత వినగానే, గోడదగ్గఱ చూచిన ఆ పాపయే తల్లి కొంగు పట్టుకొని కాలు తాటించుచుండెను.