చివర వచ్చినవారికి మొదటి కూలి

ఇంటి యజమానుడొకడు ప్రొద్దు పొడుచువేళ సంతవీథికి పోయి, దినమునకొక దేనారమని ఒడబడి, కొందరు కూలివాండ్రను తన ద్రాక్షతోటకు పంపెను. జాము ప్రొద్దెక్కిన పిమ్మట కొందరిని, మధ్యాహ్నమున కొందరిని, మూడుజాములు గడచిన పిదప కొందరిని, తుదకు ప్రొద్దు గ్రుంకుటకు గంటసేపే మిగిలియుండగా, ఎవరును పిలువనందున దినమెల్ల ఊరక నిలిచిపోయినవారిని సైతము పంపెను. సాయంకాలమున కూలి పంచునపుడు అతడు పెట్టిన నియమము విచిత్రమైనది: చివర వచ్చినవారితో మొదలుపెట్టవలెను. అందరికిని ఒక్కొక్క దేనారమే. మత్తయి సువార్త 20వ అధ్యాయమందలి యీ యుపమానమునకు ఆ క్రమమే ప్రాణము. తెల్లవారుజామున వచ్చినవారికి ముందుగా ఇచ్చియున్నచో, వారు తమ దేనారమును కొంగున ముడివైచుకొని సంతోషముగా ఇల్లు చేరియుందురు. యజమానుని ఔదార్యము వారి కంటబడదు, సణుగుడు పుట్టదు, కథయే లేదు. వారిని చివరిదాక నిలువబెట్టుటలో కథకుడు వినువానిని సైతము వారి ప్రక్కన నిలువబెట్టెను. ఇది న్యాయమా యని గొణుగుకొన్న క్షణమున, ఇతరులకు దక్కిన కృప తన కెంత దుస్సహమో వినువానికి తెలియవచ్చును.

కావ్యము కాంతవలె మనస్సును కరగించి ఉపదేశించునని మన ఆలంకారికుడగు మమ్మటుడు నుడివెను. ఉపమానము చేయు పని అంతకంటె కఠినమైనది. తీర్పు చెప్పు భారమును అది వినువానిమీదనే వేయును. ఈ శిల్పము యూదుల సంప్రదాయమున అతి ప్రాచీనమైనది. ఊరియా భార్యను అపహరించిన దావీదు రాజునకు నాతాను ప్రవక్త, పేదవాని ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను లాగుకొన్న ధనికుని కథ చెప్పెను. రాజు కోపోద్దీపితుడై మరణశిక్ష పలికిన తరువాతనే, ఆ ధనికుడు తానేయని అతనికి తెలిసెను.

కూలివాండ్ర కథకు తోబుట్టువువంటి కథ యొకటి యెరూషలేము తల్ముదునందు కలదు. 28 ఏండ్లకే గతించిన బున్ బర్ హియ్యా యను పండితుని అంత్యక్రియలయందు చెప్పబడిన ఆ కథలో, రెండు గంటలు మాత్రమే పనిచేసినవానికి రాజు నిండు కూలి యిచ్చును. ఏలయన, ఇతరులు దినమెల్ల చేయలేనిది అతడు ఆ రెండు గంటలలోనే చేసెను. అల్పాయుష్కుని కొరకు విలపించువారికి ఇంతకు మించిన ఓదార్పు లేదు. సువార్త కథలో అట్టి హేతువేదియు లేదు. చివర వచ్చినవారు నిపుణులని గాని, శ్రమించిరని గాని ఒక్క మాటయు లేదు. యజమానుడు మంచివాడగుట తప్ప మరియొక కారణము చూపబడలేదు.

కృపయొక్క పరిమాణమును తెలుపుటకు యేసు అతిశయోక్తిని ఆశ్రయించిన తీరును మత్తయి 18వ అధ్యాయమున చూడవలెను. ఒక దాసుడు రాజునకు 10,000 తలాంతులు అచ్చియుండెను. తలాంతు 6,000 దేనారములు. దేనారము ఒకనాటి కూలి. లెక్క కట్టినచో ఆ యప్పు 6 కోట్ల దినముల కూలి, అనగా 1,64,000 సంవత్సరములకు పైబడిన కష్టార్జితము! ఓర్చుకొన్నచో అంతయు చెల్లింతునని ఆ దాసుడు వేడుకొనుట ఎంత దయనీయము! రాజు గడువీయలేదు, అప్పునే కొట్టివేసెను. బయటకు వచ్చి, తనకు 100 దేనారములు అచ్చియున్న తోడిదాసుని గొంతు పట్టుకొన్నవాడు వీడే. ఆ నూరు దేనారములు స్వల్పమని బోధకులు తరచుగా తేల్చివేయుదురు గాని, నాకది సమ్మతము కాదు. పేదవానికి అది మూడునెలలకు మించిన కూలి. పొరుగువాడు మనకు చేసిన అపకారము నిజమైనదే, బరువైనదే. దానిని బరువుగానే ఎంచి క్షమింపుమనుటలోనే ఈ కథ గాంభీర్యమున్నది.

ఇక ఆత్మాభివృద్ధి మాట. విత్తువాని ఉపమానము వినినప్పుడెల్ల, నా హృదయము రాతినేలయా, ముండ్లపొదయా, మంచినేలయా యని శోధించుకొనుట భక్తులకు అలవాటు. అది మేలే. అయితే మార్కు 4వ అధ్యాయమున, మరి యే సువార్తలోను కనబడని చిన్న కథ యొకటి దాని తరువాత కొంత దూరమున కలదు. రైతు విత్తనము చల్లి, రాత్రులు నిద్రించుచు, పగళ్లు మేల్కొనుచుండును. మొదట మొలక, తరువాత వెన్ను, పిదప వెన్నులో ముదురు గింజ. అది యెట్లు పెరిగినదో అతడెరుగడు. తన భక్తిని దినదినము త్రవ్వి వేరులు చూచుకొను ఆతురచిత్తునికి ఇందు గొప్ప విశ్రాంతి కలదు.

ఆ విశ్రాంతి సోమరితనమునకు అనుమతి కాకుండునట్లు లూకా 13వ అధ్యాయమందలి అంజూరపు చెట్టు అడ్డుపడును. మూడేండ్లు పండ్లు వెదకి విసిగిన యజమానుడు దానిని నరికివేయుమనగా, తోటమాలి మరియొక్క సంవత్సరము గడువు వేడెను. అంతులేని ఉపేక్షను అతడు కోరలేదు; అప్పటికిని కాయనిచో నరుకుటకు తానే ఒప్పుకొనెను. ఆ యేడాది చుట్టును త్రవ్వి ఎరువు వేయు కష్టమును మాత్రము తనమీద వేసికొనెను. యజమానుడు సమ్మతించెనో లేదో, మరుసటి యేట ఆ చెట్టు కాచెనో లేదో లూకా వ్రాయలేదు.