గాలిని తేర్చుకొని ఎగురదలచిన విమానము

'అవతార్' అను పేరు మన పాఠకులలో కొందరికైనను జ్ఞప్తి యుండును. ఉపగ్రహములను చౌకగా కక్ష్యలోనికి చేర్చి, తిరిగి రన్‌వేపై దిగి, నూరుమారులు ఎగురగల విమానముగా హైదరాబాదు భారత్ డైనమిక్స్ పూర్వాధిపతి రాఘవన్ గోపాలస్వామి దీనిని ప్రతిపాదించిరి. 1998లో బెంగుళూరులోను, 2001 జులైలో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలోను ఈ భావన వెల్లడియైనది. అది కాగితము దాటలేదు. ధనలోపమే కారణమని సరిపెట్టుకొనవచ్చును. లెక్క చూచినచో వేరు కారణము తోచును.

ఒక కిలో ఉదజని పూర్తిగా మండుటకు 8 కిలోల ప్రాణవాయువు కావలెను. చుట్టును గాలి యుండగా దీనిని నేలనుండి మోయనేల? పూర్వము బందరుకాలువపై బెజవాడనుండి బయలుదేరిన పడవవాడు స్నానమునకు నీరు మోసికొనిపోవునా? ప్రశ్న చక్కనిదే. కాని త్రాగుటకైనచో కాలువనీటిని చిల్లగింజతో తేర్చవలెను. గాలిలో ప్రాణవాయువు అయిదవపాలు మాత్రమే. శబ్దమునకు అనేకరెట్ల వేగముతో పోవుచు, వేడెక్కిన గాలిని పీల్చి, ద్రవమగువరకు చల్లార్చి, నత్రజనిని విడదీయవలెను. ఇచట చిల్లగింజ ద్రవ ఉదజని యొక్క శైత్యమే.

విమానపు బరువు 25 టన్నులనిరి. అందు 60 శాతము, అనగా 15 టన్నులు, ద్రవ ఉదజని. అంత బరువు నీటికి 15 ఘనమీటర్ల తావు చాలును. ఈ ఉదజనికి 200 ఘనమీటర్లకు పైగా కావలెను. మిగిలిన 10 టన్నులలో ఒక టన్ను ఉపగ్రహము. ఆ పెద్ద తొట్టి, రెక్కలు, చక్రములు, పలువిధముల ఇంజనులు, గాలిని తేర్చు యంత్రము — అన్నియు 9 టన్నులలో ఇమడవలెను! పైగా ప్రాణవాయువు చేరినకొలది విమానము ఆకాశముననే బరువెక్కును. నా దృష్టిలో పథకపు బలహీనత ఇదియే.

చౌకతనము మాటయు అట్టిదే. ఏటికి నాలుగు దినములే పని దొరకు కోతయంత్రము ఎకరమునకు చౌక కానేరదు. 1977 నవంబరు తుపానులో దివిసీమను పోగొట్టుకొన్న మన డెల్టాకు చౌకయైన ఉపగ్రహములు విలాసము కావు. కనుకనే ఆశకు, లెక్కకు గల ఎడమును పట్టిచూడవలసియున్నది.

2015 డిసెంబరులో అమెరికాలో ఫాల్కన్ రాకెట్టు క్రిందిభాగము ఉపగ్రహములను పంపి, తిరిగి నేలపై నిటారుగా దిగినది. అది తన ప్రాణవాయువును తానే మోసినది. మన ఇస్రో పనిని ముక్కలుగా విడదీసినది. 2016 మే 23న శ్రీహరికోటనుండి రెక్కల నమూనా 65 కిలోమీటర్ల ఎత్తునకు పోయి బంగాళాఖాతములో దిగినది. ఆగస్టు 28న గాలిని పీల్చు ఇంజను సుమారు 5 సెకండ్లు మండినది. 2023 ఏప్రిల్ 2న చిత్రదుర్గమువద్ద హెలికాప్టరునుండి విడిచిన రెక్కలవాహనము తనంతట తానే రన్‌వేపై దిగినది. అందులో గాలిని ద్రవీకరించు యంత్రమేదియు లేదు.