మూడడుగుల పూజారిణి

నలుగురూ బల్లచుట్టూ చేరి, పాచికలు వేస్తూ కథ అల్లుకునే ఆట 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేశారు. అందులో మూడడుగుల మనుషులు హాఫ్‌లింగులు. టోల్కీన్ హాబిట్లకు తోబుట్టువులన్నమాట! మొదట్లో వీళ్లకి యోధుల వేషమొక్కటే, అదీ నాలుగో మెట్టుదాకానే. పూజారి పదవి ఊసే లేదు. 2000లో వచ్చిన మూడో కూర్పు ఇలాంటి ఆంక్షలన్నీ ఎత్తేసింది.

తలుపైతే తెరిచారు. కానీ చాలామంది ఆటగాళ్లకి పూజారంటే కట్లు కట్టే మనిషే. గాయమైతే పిలుపు, గెలిచాక మరుపు. వంటింటివాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు లెండి!

హాఫ్‌లింగుల దేవత యాండల్లాని చూడండి. సమృద్ధికీ, రక్షణకీ అధిదేవత. ఆమె గుర్తు డాలు. దానిమీద పళ్లూ ధాన్యమూ పొంగే కొమ్ము. కడుపు నింపడమూ, కాపు కాయడమూ ఒకే పని అన్నట్టు!

ఇల్లే గుడి అనుకునే ఆ పూజారిణి, ఇల్లు విడిచి రాక్షసుల గుహలోకి ఎందుకెళ్లినట్టు? ఆడేవాళ్లు దీనికి జవాబు ఆలోచించుకుంటే పాత్రకి ప్రాణం వస్తుంది. లేకపోతే మిగిలేది కాళ్లొచ్చిన మందులపెట్టే.