ఎర్రమట్టిలో సొరచేప పన్ను

పిడుగురాళ్ల, మాచర్ల వైపు సున్నపురాయి ఒకప్పటి సముద్రపు అడుగే. అయినా ఆ క్వారీల్లో సొరచేప పన్ను దొరకదు; సొరచేపలు పుట్టకముందే పేరుకున్న రాయి అది. దానికోసం గోదావరి దాటి, పూర్వపు ఆదిలాబాద్ జిల్లా మలేరి ఎర్రమట్టి దగ్గరికి పోవాలి.

సొరచేప అస్థిపంజరమంతా మృదులాస్థి, కుళ్లిపోతుంది. పళ్లు మాత్రం బతికున్నంతకాలం రాలుతూ, మళ్లీ మొలుస్తూ ఉంటాయి. గట్టివి కాబట్టి రాతిలో మిగులుతాయి. వాటిని ఏరేవాళ్ల ఓపికకు దండం పెట్టాలి. మట్టిని ఎండబెట్టి, నానబెట్టి, సన్న జల్లెడలో కడుగుతారు. మిగిలిన నలుసుల్ని మైక్రోస్కోపు కింద పరిచి, తడి కుంచె మొనతో ఒక్కొక్కటే పైకి తీస్తారు. రెండు పెద్ద మొనలు, వాటి నడుమ చిన్నది కనిపిస్తే అది జెనకాంత్ అనే ప్రాచీన సొరచేప పన్ను!

మలేరిలో దొరికిన అలాంటి పళ్లను పురాజీవ శాస్త్రవేత్త ఎస్.ఎల్. జైన్ 1980లో వర్ణించారు. 20 కోట్ల ఏళ్లు దాటిన ఆ మట్టిలోనే మంచినీటి ఊపిరితిత్తుల చేపల పళ్లూ ఉన్నాయి. అంటే సొరచేప ఉన్నంతమాత్రాన అక్కడ సముద్రం ఉన్నట్టు కాదు. అది మంచినీటి సొర, అక్కడ పారింది నది. పన్నులోని ఆక్సిజన్ ఐసోటోపులను కొలిస్తే ప్రాచీన జలాల వేడి కూడా అంచనాకు వస్తుంది.

పల్నాడు కాలేజీల్లో భూగర్భశాస్త్రం చదివే పిల్లలూ, ఒక్కసారైనా ఆ జల్లెడ పట్టి చూడండి.