అక్షర పరిచయం, ముఖ పరిచయం

అచ్చులో పరిచయమైన మనుషులు ఎదురుపడినప్పుడు సాహిత్య విమర్శకు మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా? ఇది మర్యాదలకు సంబంధించిన ప్రశ్న కాదు. రచయితకూ పాఠకుడికీ ఉండవలసిన సంబంధం ఏమిటన్న మౌలికమైన ప్రశ్న. మన చిన్న పత్రికలు నడుస్తున్నదే ఒకరినొకరు చూడని మనుషుల మీద. ఒక ఊళ్ళో కథ రాస్తారు. మరో ఊళ్ళో దాని మీద ఉత్తరం రాస్తారు. ఇంకో ఊరినించి ఆ ఉత్తరానికి జవాబు వస్తుంది. ఏళ్ళ తరబడి వాదించుకుంటారు గాని, అవతలి మనిషి ఏం చేసి బతుకుతున్నాడో, ఏ అద్దెగదిలో కూర్చుని రాస్తున్నాడో తెలియదు.

ఇటువంటి బంధాలు మన సాహిత్యానికి కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నించి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. దారిలో చూసినవన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి రాసి పంపాడు. 1838లో అది పుస్తకంగా వెలువడింది. అక్కడ తిరిగేవాడు వేరు, చదివేవాడు వేరు. దాదాపు వందేళ్ళ తర్వాత, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా, సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి 354 మంది కవులను రెండు అట్టల మధ్యకు చేర్చాడు. అంతమందిని కలిపింది ఏ సభామందిరమూ కాదు, ఒక పత్రిక. ఇక వట్టికోట ఆళ్వారుస్వామి మూడో దారి తొక్కాడు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. పాఠకుడి గడప దగ్గరికే పోయి పుస్తకం చేతికిచ్చాడు. అట్లా తిరిగిన మనిషే ‘ప్రజల మనిషి’ నవల రాశాడన్నది మనం గుర్తుంచుకోవాలి.

ఈ విషయం ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. ఇటీవల విజయవాడ నించి వస్తూ ఎల్.బి.నగర్ చౌరస్తాలో దిగాను. సూర్యాపేట, నల్లగొండ దారిన వచ్చేవాళ్ళకు నగరం అక్కడే మొదలవుతుంది. 2018 సెప్టెంబరు నించి మెట్రో రైలు కూడా అక్కడినించే బయలుదేరుతోంది. ఆ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో, ఒక హాస్టల్ గదిలో ఏడుగురం కలిశాం. అంతకుముందు మాకు తెలిసింది ఒకరి రాత ఒకరికి, అంతే. పోటీ పరీక్షలకు చదువుతున్న యువకులు ముగ్గురు, ప్రైవేటు బళ్ళో పాఠాలు చెప్పే అక్క, పండ్ల మార్కెట్‌లో లెక్కలు రాసే ఒకాయన, ఒక కథకుడు, నేను.

కథకుడు రాసిన కథలో ముఖ్యపాత్ర హాస్టల్లో వంట చేసే స్త్రీ. దాని మీద ఆ యువకుల్లో ఒకరు గతంలో పత్రికకు గట్టి ఉత్తరం రాశారు. కథలో ఆమె మీద జాలి ఉంది గాని ఆమె శ్రమ లెక్క లేదన్నది ఆయన విమర్శ. ఆ ఉత్తరం చదివే నేను ఆయనను కలవాలనుకున్నాను. కాని కథకుడు ఎదురుగా కూర్చుని టీ అందించేసరికి ఆ కుర్రవాడి మాట మారిపోయింది. కథ బాగానే ఉంది సార్, తొందరపడి రాశాను అన్నాడు. కథకుడు సంతోషించాడు. ఒక మంచి విమర్శ మొహమాటంలో మునిగిపోవడం నేను కళ్ళారా చూశాను.

అప్పుడు మార్కెట్ ఆయన ఒక మాటన్నాడు. వంటామె గురించి ఇంతసేపు మాట్లాడుతున్నాం, ఈ హాస్టల్లో వండే అమ్మను ఎందుకు పిలవలేదని అడిగాడు. ఆమె వచ్చి చేతులు కొంగుకు తుడుచుకుంటూ తలుపు దగ్గరే నిలబడింది. కథ చెబితే విన్నది. రెండే ప్రశ్నలు వేసింది. ఆమె ఎంతమందికి వండుతుంది? జీతమెంత? ఆ రెండూ కథలో లేవు. యువకుడు ఉత్తరంలో అడిగినవీ, ఆయన కాసేపటి కిందట వెనక్కు తీసుకున్నవీ ఆ రెండే!

దీనినిబట్టి తేలేదేమిటి? రచయిత ముఖం పాఠకుడికి తెలియనక్కరలేదు, రచన చాలు అని కొందరు వాదిస్తారు. రచన ఆకాశం నించి ఊడిపడదు. అది భౌతిక పరిస్థితుల్లో పుడుతుంది గనక ఆ పరిస్థితులు తెలిస్తే విమర్శకు బలమే. కలిస్తే చాలు, అదే ఒక ఉద్యమం అని మరికొందరంటారు. శాలువాలు కప్పుకుని పరస్పరం పొగుడుకోవడం కూడా కలవడమే మరి. కీడు కలయికలో లేదు. గదిలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నదానిలో ఉంది. మధ్యతరగతి మిత్రులమే కూర్చుంటే స్నేహం పెరిగి విమర్శ తరుగుతుంది. వస్తువుగా మారిన మనిషి కూడా అక్కడ ఉంటే ఆ స్నేహానికి ఒక పరీక్ష ఎదురవుతుంది.

గదిలో ఎవరుంటారన్నది కలిసే వేళను బట్టి కూడా ఉంటుంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలినప్పటినించీ ఆ లెక్కల ఆయన పని ఊరి బయటికి పోయింది. రాత్రి లారీలు వచ్చే వేళకు అక్కడ ఉండాలి గనక చర్చ వేడెక్కే సమయానికి లేచిపోయాడు. టీచరు అక్క చీకటి పడకముందే వెళ్ళిపోయింది. మిగిలింది వేళతో నిమిత్తం లేనివాళ్ళం. సాహిత్య సమావేశాలు ఏ వేళకు పెడుతున్నాం అనేది చిన్న ఏర్పాటు కాదు. ఎవరి అభిప్రాయం లెక్కలోకి వస్తుందో తేల్చేది అదే.

కాబట్టి ఊరూరా ఉన్న పాఠకులు కలుసుకోవాలి. ప్రయాణాలు చేసే రచయితలు దారిలో దిగి వాళ్ళ మధ్య కూర్చోవాలి. కాని ఉత్తరంలో అన్న మాటను ఎదుట కూడా అనాలి. రచయిత దాన్ని అవమానంగా కాక సహాయంగా తీసుకోవాలి. ఆ యువకుడి ఉత్తరం అచ్చులో ఉంది. ఆయన వెనక్కు తీసుకున్నా అది చెల్లుతుంది. కథకుడు జవాబు చెప్పవలసింది ఆ ఉత్తరానికీ, వంటామె వేసిన రెండు ప్రశ్నలకూ.