‘ఆమోదించడమైనది’: నగరపాలక తీర్మానాల భాషలో కర్త, కారణం, ఫలితం

వ్యాససంగ్రహం: నగరపాలక సంస్థల స్థాయీ సంఘాలు కళలకిచ్చే ఆర్థిక సహాయాన్ని, ప్రజల భద్రతకు సంబంధించిన కాంట్రాక్టులను తీర్మానాల ద్వారా పర్యవేక్షిస్తాయి. ఆ తీర్మానాల తెలుగు వాక్యనిర్మాణాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కళల తీర్మానంలో కారణం, భద్రత తీర్మానంలో ఫలితం లోపిస్తున్నాయని, పర్యవేక్షణలోని బలహీనత వాక్యంలోనే కనిపిస్తున్నదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాలనాభాష, స్థాయీ సంఘం, తీర్మానం, కర్తృలోపం, కళాక్షేత్రం, న్యూయార్క్ నగర కౌన్సిల్.

ప్రస్తావన

పాలనాభాషగా తెలుగును గురించి జరిగిన చర్చలో అధికభాగం పదజాలం చుట్టూ తిరిగింది. 1966లో అధికారభాషా చట్టం వచ్చింది, 1974లో అధికారభాషా సంఘం ఏర్పడింది. ఏ ఆంగ్లపదానికి ఏ తెలుగుమాట అన్న ప్రశ్నమీద పెట్టిన శ్రద్ధ, ఆ మాటలతో కట్టిన వాక్యం ఏం చెబుతోంది, ఏం దాస్తోంది అన్న ప్రశ్నమీద పెట్టలేదు. ‘స్టాండింగ్ కమిటీ’ని స్థాయీ సంఘమన్నా, కమిటీ అన్నా వచ్చే నష్టం స్వల్పం. ఆ సంఘం చేసిన పనికి కర్త ఎవరో వాక్యంలో తెలియకపోతే నష్టం పెద్దది.

నగరపాలక, పురపాలక సమావేశాల పత్రాలను చూసినవారికి కొన్ని క్రియారూపాలు చిరపరిచితాలు: ‘ఆమోదించడమైనది’, ‘రికార్డు చేయడమైనది’, ‘వాయిదా వేయడమైనది’. ఇవి కర్మణి ప్రయోగాలు కావు. ‘ఆమోదించబడినది’ అన్న వాక్యంలో ‘ఎవరిచేత’ అన్న ప్రశ్నకు వ్యాకరణం చోటు మిగులుస్తుంది. ‘ఆమోదించడమైనది’లో క్రియ నామంగా మారి, ఆ నామం ‘అయినది’కి తానే కర్త అవుతుంది. అంటే ఆమోదం తనంతట తాను జరిగింది. వాన కురిసినట్టు, పొద్దు గుంకినట్టు. కర్తను చేర్చి రాసినా ఆ రూపం భరించగలదేమో గాని, కర్త లేకుండానే అది సంపూర్ణ వాక్యమవుతుంది. కార్యాలయాలకు అది ప్రియమైనది కావడానికి కారణం అదే అనుకుంటాను.

‘రికార్డు చేయడమైనది’ ఇంకా చిత్రమైనది. చూశాము అనే అర్థం దానికి ఉంది. ఇక చూడనక్కరలేదు అనే అర్థం కూడా దానికే ఉంది.

రెండు అంశాలు, ఒకే పట్టిక

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన 12వ షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగిన అంశాలు 18. వాటిలో అగ్నిమాపక సేవలది 7వ స్థానం. సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల ప్రోత్సాహానిది 13వ స్థానం. (దాని వెంటనే వచ్చే 14వ అంశం శ్మశానవాటికలు. ఈ వరుసకు ఉద్దేశం అంటగట్టనక్కరలేదు గాని, నాటక పరిశోధకుడికి నవ్వు రాక మానదు.) కళను, భద్రతను ఒకే పట్టికలో నిలిపిన ఆ సవరణ 243-డబ్ల్యూ అధికరణంలో వాడిన క్రియ ‘అప్పగించవచ్చు’ అనే అర్థంలోనిదే; ‘అప్పగించాలి’ అనదు. ఆ ఒక్క ‘వచ్చు’ వల్ల నగరానికీ నగరానికీ పరిస్థితి మారింది. ముంబయిలో అగ్నిమాపక దళం నగరపాలక సంస్థదే. తెలుగు రాష్ట్రాలలో అది ప్రధానంగా రాష్ట్రశాఖ. ఉమ్మడి రాష్ట్రంలో దానికి 1999లో ప్రత్యేక చట్టం వచ్చింది.

అయినా భద్రత సంబంధమైన ఖర్చులు మన స్థాయీ సంఘాల ఎదుటికి రాకుండా పోవు. వీధిదీపాల నిర్వహణ, నాలాల పక్క కంచెలు, సీసీ కెమెరాలు, సొంత భవనాలలోని అగ్నిమాపక పరికరాల వార్షిక నిర్వహణ, పొరుగుసేవల కాపలా సిబ్బంది, ఇవన్నీ కాంట్రాక్టులే. హైదరాబాదు నగరపాలక వ్యవస్థకు ఆధారమైన 1955 నాటి చట్టం కార్పొరేషన్, స్థాయీ సంఘం, కమిషనర్ అనే ముగ్గురు అధికారులను చూపింది. వారిలో ప్రజలు ఎన్నుకున్న కొద్దిమంది ఒకచోట కూర్చుని కాగితాన్ని కాగితంగా చదవగల వేదిక స్థాయీ సంఘమే.

కారణం లేని సహాయం

నమూనాకు ఒక వాక్యం మనమే రాసుకుందాం: ‘నగరంలోని ఒక నాటక సమాజం నిర్వహించు పరిషత్తు పోటీలకు కళాక్షేత్రమును మూడు దినములు అద్దె రాయితీపై ఇచ్చుటకు ఆమోదించడమైనది.’ ఇందులో ఎవరికి, ఏమిటి, ఎన్నాళ్లు అన్నవి ఉన్నాయి. ఎందుకు అన్నది లేదు. అదే నెలలో మరొక సమాజం అడిగితే ఇచ్చారా, ఇవ్వకపోతే ఏ కొలతతో కాదన్నారు అన్నది అసలు లేదు.

మన నగరాలలో కళలకు నగరపాలక సంస్థ ఇచ్చే సహాయమంటే నగదు గ్రాంటు కంటే హాలే ముఖ్యమని నా అభిప్రాయం. విజయవాడలో తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం, రాజమహేంద్రవరంలో ఆనం కళాకేంద్రం నగరపాలక సంస్థల అధీనంలోని వేదికలు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడిన నాటినుంచి పోటీ నాటకం పెరిగిన తీరును రాసేటప్పుడు మనం నాటకకర్తలను, దర్శకులను, బహుమతులను లెక్కిస్తున్నాం. హాలు అద్దెను లెక్కించడంలేదు. ఒక ప్రదర్శన జరగడానికీ ఆగిపోవడానికీ తేడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఆ నిర్ణయాలు నిక్షిప్తమైన తీర్మానాల పుస్తకం నాటకచరిత్రకు ఆకరం కావలసినది. కారణం రాయని వాక్యం వల్ల అది కేవలం తేదీల పట్టిక అయింది.

న్యూయార్క్ పాఠం

ఈ లోపం తెలుగు వాక్యానిదా, పాలన అనే ప్రక్రియదా? తేల్చుకోవాలంటే వేరొక భాషలో ఇదే పని చేసే సభను చూడాలి. 51 మంది సభ్యులున్న న్యూయార్క్ నగర కౌన్సిల్‌లో సాంస్కృతిక వ్యవహారాలకు, ప్రజాభద్రతకు, కాంట్రాక్టులకు వేర్వేరు కమిటీలున్నాయి. సభ్యులు తమ విచక్షణ మేరకు స్థానిక సంస్థలకు కేటాయించే సొమ్ము, బడ్జెట్‌తోపాటు వెలువడే ‘షెడ్యూల్ సి’ అనే పత్రంలో ఉంటుంది: సంస్థ పేరు, మొత్తం, ప్రతిపాదించిన సభ్యుల పేర్లు. ఏడాది మధ్యలో మార్పులు జరిగితే వాటికి విడిగా తీర్మానాలు ప్రకటిస్తారు. ఇక్కడ కర్తృలోపం లేదు. వాక్యం కూడా లేదు, పట్టికే ఉంది. కాని ఆ పట్టికకు కర్త ఉన్నాడు.

అంతమాత్రాన ఆ నమూనాకు మొక్కనక్కరలేదు. అదే కౌన్సిల్ కొన్నేళ్లపాటు ఉనికిలోనే లేని సంస్థల పేర్ల మీద సొమ్ము కేటాయించి అట్టిపెట్టుకున్నదని 2008లో బయటపడింది. పదం ఉంది, పదార్థం లేదు. అది వెల్లడైన తరువాత సంస్థలను ముందుగా పరిశీలించే నియమాలు బిగించారు. పేరు రాయడం పర్యవేక్షణకు మొదటి మెట్టు మాత్రమేనని, పేరు వెనుక మనిషి ఉన్నాడా అని చూసే పని వేరని దీనివల్ల తెలుస్తున్నది.

భద్రత విషయంలో న్యూయార్క్ కథ మరోలా నడిచింది. ఒకప్పుడు కాంట్రాక్టులను ఆమోదించిన బోర్డ్ ఆఫ్ ఎస్టిమేట్ 1989 నాటి చార్టర్ సవరణతో రద్దయింది. కాంట్రాక్టు కుదుర్చుకునే అధికారం మేయర్ కింది శాఖలకు చేరింది. కంట్రోలర్ వాటిని నమోదు చేస్తాడు. కౌన్సిల్ కమిటీ విచారణ జరపగలదు, ప్రశ్నించగలదు, వాటికి ఆమోదం తెలిపే ఓటు మాత్రం దానికి లేదు. నిఘా పరికరాల విషయంలో 2020లో చేసిన చట్టం పోలీసుశాఖ ఏ పరికరాన్ని ఎలా వాడుతుందో ముందుగా ప్రకటించి ప్రజాభిప్రాయం తీసుకోవాలన్నది. కొనాలా వద్దా అన్న నిర్ణయాన్ని కౌన్సిల్ చేతికి ఇవ్వలేదు. మన స్థాయీ సంఘానికి ఓటు ఉంది, ప్రశ్న తక్కువ. వారికి ప్రశ్న ఉంది, ఓటు లేదు. రెండింటిలో ఏది మేలో నేను తేల్చలేను గాని, ప్రశ్న మాత్రం కాగితం మీద మిగులుతుంది.

ఫలితం లేని కాంట్రాక్టు

భద్రత కాంట్రాక్టు తీర్మానంలో కారణం సాధారణంగా పుష్కలం. అత్యవసరం, ప్రజల ప్రాణరక్షణ, వర్షాకాలం. ఆ కారణాల బలం మీదనే టేబుల్ ఎజెండాగా అంశం వస్తుంది, నామినేషన్ పద్ధతిలో పని అప్పగిస్తారు, ముందే ఇచ్చిన అనుమతిని తరువాత ధ్రువీకరిస్తారు. లోపించేది ఫలితం. దీపం వెలిగిందా, కెమెరా పనిచేస్తోందా, మంటలార్పే సిలిండరు గడువు తీరిందా అన్నది మరో తీర్మానంగా తిరిగిరాదు. ‘డమైనది’ భూతకాలపు ముగింపు. పని మొదలుకాక ముందే వాక్యం ముగిసిపోతుంది.

ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 1997 జూన్ 13న 59 మంది మరణించారు. లైసెన్సులు, తనిఖీలు, నిరభ్యంతర పత్రాలు, ఇన్ని సంతకాలు దాటిన తరువాత జరిగిన దుర్ఘటన అది. పరిహారం కేసులో 2011లో సుప్రీంకోర్టు హాలు యజమానులను, విద్యుత్ బోర్డును బాధ్యులను చేసింది. లైసెన్సు ఇచ్చిన అధికారిని, ఢిల్లీ నగరపాలక సంస్థను పరిహార బాధ్యతనుంచి తప్పించింది. తీర్పు న్యాయతర్కం వేరే చర్చ. భాషావిమర్శకుడికి అందులో కనిపించేది ఇది: అనుమతి ఇవ్వడమైనది, తనిఖీ చేయడమైనది అని రాసుకున్న వ్యవస్థను చివరికి కర్తగా నిలబెట్టడం ఎంత కష్టమో.

నగరపాలక సంస్థ కళాక్షేత్రంలో ఈ రెండు లోపాలూ ఒకే కప్పు కిందికి వస్తాయి. అద్దె రాయితీ ఒక ఫైలు, అగ్నిమాపక పరికరాల నిర్వహణ మరొక ఫైలు. మొదటిదానికి సన్మానసభ, రెండోదానికి బిల్లు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవవలసిన బాధ్యత స్థాయీ సంఘానిది. రాయితీ పొందిన సమాజం మూడు రోజులు ఆ హాలులో జనాన్ని కూర్చోబెడుతుంది. పక్కతలుపు తాళం ఎవరి దగ్గరుందో రాయితీ కాగితంలో ఉండదు.

పై నమూనా వాక్యాన్నే మరోలా రాయవచ్చు: ‘నిరుడు రాయితీ పొందని సమాజాలకు ముందుగా ఇవ్వాలన్న నియమం ప్రకారం, ఈ సమాజానికి మూడు రోజులు అద్దె రాయితీ ఇవ్వడానికి సంఘం ఆమోదించింది. ఇద్దరు సభ్యులు వ్యతిరేకించారు. వారి కారణాలు దిగువ ఉన్నాయి. హాలు అగ్నిమాపక పరికరాలను ఇంజనీరింగ్ విభాగం ప్రదర్శనకు ముందు తనిఖీ చేసి, నివేదికను వచ్చే సమావేశంలో సంఘం ముందు ఉంచుతుంది.’ ఇందులో కొత్త పారిభాషిక పదం ఒక్కటీ లేదు. కర్త ఉన్న క్రియలు నాలుగున్నాయి, వాటిలో ఒకటి భవిష్యత్కాలంలో ఉంది.