పిన్ని డబ్బాకు చీటీ లేదు

ఈ వారం మా మేనకోడలు ఫోన్‌లో ఓ ఫొటో పంపింది. సున్నిపిండి ప్యాకెట్. మీద పెద్దక్షరాల్లో ‘సున్నిత చర్మానికి ప్రత్యేకం’, కింద ‘21 మూలికలతో’. “అత్తా, వాడొచ్చా?” అని అడిగింది. దానిది గోరు తగిలితే దద్దు తేలే ఒళ్లు. నాకు చిర్రెత్తుకొచ్చింది. నా పాట ఎప్పుడూ ఒకటే: సాంబారు పొడి కానీ సున్నిపిండి కానీ, దినుసులు పెరిగేకొద్దీ నాకు అనుమానమూ పెరుగుతుంది. పడకపోతే ఆ ఇరవయ్యొక్కటిలో దేన్ని పట్టుకుంటాం?

“కొనకు, నేను చేసి పంపిస్తాలే” అనేశాను. ఇంట్లో చేసిందానికి సాటి లేదన్నది నా రెండో పాట. అది నేర్పింది మా పిన్ని.

సంక్రాంతి నెల పట్టగానే మేడ మీద చాపలు పరిచి పెసలు, శనగలు, కచ్చూరాలు, కస్తూరి పసుపు, బావంచాలు, వట్టివేళ్లు, గులాబీ రేకులు, కమలా తొక్కలు ఎండబెట్టేది. వట్టివేళ్లు కత్తిరించడం పిల్లల పని. పొడుగ్గా వేస్తే పీచు మరలో చుట్టుకుంటుంది. అసలు తమాషా పిండిమర దగ్గరే. ముందు ఎవరిదో కారం పట్టి, ఆ వెనకే మన డబ్బా పోస్తే స్నానాల గదిలో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే మర తెరిచే వేళకే వెళ్లి, ముందు రెండు గుప్పెళ్ల బియ్యం ఆడించి, ఆ పిండి వేలితో తీసి నాలిక మీద వేసుకునేది. చురుక్కుమంటే ఇంకో గుప్పెడు. మరాయన విసుక్కున్నా కదిలేది కాదు. ఇంటికొచ్చాక వస్త్రకాళితం పట్టి సన్నటిది పసిపిల్లలకు, మిగిలిన బరకది మగవాళ్ల మోచేతులకు, మోకాళ్లకు.

అంత జాగ్రత్త మనిషీ బావంచాల దగ్గర మాత్రం చేయి ఆపేది కాదు. రంగొస్తుందని. ఆ గింజల్లో సొరాలెన్ ఉంటుంది. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి బొబ్బలెక్కవచ్చు, నల్లమచ్చలు పడవచ్చు. బొల్లికి ఆయుర్వేదంలో బావంచాలు వాడారు. చర్మవైద్యులు ఇప్పటికీ సొరాలెన్ ఇచ్చి, అతినీలలోహిత కిరణాలు కొలిచి మరీ పట్టిస్తారు. మనమేమో అదే గింజ నలుగులో రుద్దుకుని పొలాల గట్ల మీద తిరిగేవాళ్లం. చాలామటుకు నీళ్లతో పోతుందేమో, నిజమే. దద్దుర్ల ఒంటివాళ్లు ఆ పందెం కాయడం దేనికి? చిత్రమేమిటంటే, అదే గింజలోంచి విడదీసిన బకుచియోల్‌ను ఇప్పుడు సున్నిత చర్మానికే క్రీముల్లో అమ్ముతున్నారు.

ఇక ఆ కమలా తొక్క, గులాబీ, కచ్చూరం అన్నీ వాసన కోసం. చర్మానికి తగిలి వచ్చే ఎలర్జీలకు సువాసన పదార్థాలే పెద్ద కారణాల్లో ఒకటి. పిన్ని పిండి అంటే మేం పడి చచ్చింది ఆ వాసనకే.

ఫొటో పెద్దది చేసి చూశాను. ఓ మూల చీమతలకాయంత అక్షరాల్లో బావంచాలు ఉండనే ఉన్నాయి. కాబట్టి ఆ ప్యాకెట్ వద్దు. అయితే వద్దని తేల్చుకునే వీలిచ్చింది ఆ అచ్చేసిన జాబితాయే. పిన్ని డబ్బాకు చీటీ లేదు. నేను పంపబోయినదానికీ ఉండేది కాదు.

అందుకే మాట మార్చుకున్నాను. వెనక ఒకటో రెండో పేర్లున్న పిండి ఏదైనా కొనుక్కోమన్నాను, ఉత్త పెసరపిండి అయితే మరీ మంచిది. మెత్తగా జల్లించుకుని, రుద్దకుండా, పలచగా పూసి కడిగేయాలి. మొదటి వారం ముఖం జోలికి పోకుండా మోచేతి మడతలోనే పూటకోసారి. అక్కడ ఏమీ కాకపోతే ముఖానికి. కస్తూరి పసుపు కావాలంటే ఆ తర్వాతే, అదీ విడిగా, మళ్లీ మోచేతి దగ్గరే మొదలుపెట్టి.

“మరి కలబంద?” అంది. కోసిన ఆకును కాసేపు నిలబెట్టి, పచ్చటి జిగురు పూర్తిగా కారనిచ్చి, తొక్క తీసి కడిగి లోపలి గుజ్జే వాడమన్నాను. దురద పెట్టేది ఎక్కువగా ఆ జిగురే. దానికీ మోచేతి పరీక్ష తప్పదంటే, “అత్తా, నీకన్నా ప్యాకెట్టే నయం” అంది.